లాయర్ లేకుండా నేనే కోర్టుకెక్కితే ఏమైందంటే

"సివిల్ కేసులో లాయర్ లేకుండా నేనే వాదించుకోవచ్చా? అర్జెంటుగా స్టే కావాలంటే లంచ్ మోషన్ వేయొచ్చా?" అని అడిగారు. వాదించుకోవచ్చు, నేను వాదించుకున్నాను. లంచ్ మోషన్ (అర్జెంటు కేసుని ఆ మధ్యాహ్నమే వినమనడం), హౌస్ మోషన్ (కోర్టు లేని వేళ జడ్జిగారి ఇంటి దగ్గరే వినమనడం) అని పేపర్లో చదివేవి మాత్రం హైకోర్టు మాటలు. కింది కోర్టులో అయితే దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద ఒక ఐ.ఏ. (దావా తేలేలోపు ఆ పని ఆపమని అడిగే మధ్యంతర పిటిషన్) వేసి, అవతలివాళ్లకి నోటీసు వెళ్లేలోపే నష్టం జరిగిపోతుందని చెప్పి, ఆ రోజే వినమని అడగాలి.

నాది పక్కింటాయనతో దారి గొడవ. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న సందులో ఆయన గోడకి పునాది తవ్వడం మొదలుపెట్టాడు. మా లాయరుగారేమో రేపు, ఎల్లుండి అంటూ చివరికి ఫోన్ ఎత్తడమే మానేశారు. నాకూ పంతం వచ్చి రాత్రంతా కూర్చుని ఏడు పేజీల అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే రాతపూర్వక వాంగ్మూలం) రాశాను. అందులో ఆరు పేజీలు ఆయన ఎలాంటి మనిషో, మా నాన్నగారి రోజుల నుంచి మమ్మల్ని ఎంత ఏడిపించాడో. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో!

పొద్దున్నే ఫైల్ చేస్తే తప్పులున్నాయని రిటర్న్ వేశారు. షెడ్యూల్లో (ఆస్తి వివరాలు రాసే చోట) హద్దులు లేవు, ఒక పేజీలో సంతకం లేదు, ఫోన్లో తీసిన ఫొటోలకి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేదు (పాత చట్టంలో 65-బి అనేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63). అన్నీ ఒకేసారి చెప్పరు, ఒకటి సరిచేసుకుని వెళితే ఇంకొకటి. పార్టీ-ఇన్-పర్సన్ (లాయర్ లేకుండా తనే వాదించుకునేవాడు) అంటే ఆ కౌంటర్లో ఎంత చిన్నచూపో అప్పుడే అర్థమైంది.

మధ్యాహ్నం పిలిచారు. జడ్జిగారు "మీ అడ్వకేట్ ఎవరు?" అన్నారు. "ఎవరూ లేరండీ, నేనే" అన్నాను. పేజీలు తిప్పారు, మళ్లీ తిప్పారు, తల ఎత్తి "తవ్వకం ఎప్పుడు మొదలైంది?" అన్నారు. ఏడు పేజీల్లో ఆ తేదీ ఎక్కడా లేదు! బుధవారం పొద్దున అని నోటితో చెప్పాను. "అది రాసి తీసుకురండి" అన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చుని, మోకాళ్ల మీద ఫైలు పెట్టుకుని చేత్తో ఒకటిన్నర పేజీ రాశాను. బుధవారం తవ్వకం మొదలైంది, ఇప్పటికి మోకాలి లోతు అయింది, నిన్న సాయంత్రం ఇటుకలు దిగాయి, గోడ లేస్తే నా ఇంట్లోకి వేరే దారి లేదు. పక్కనే ఉన్న ఒక జూనియర్ లాయరు అటెస్ట్ చేసిపెట్టాడు, పాపం డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ ఒకటిన్నర పేజీ మీదే తర్వాతి వాయిదా దాకా పని ఆపమని ఆర్డర్ వచ్చింది. మిగతా ఏడు పేజీలు ఎవరూ చదవలేదని నా గట్టి నమ్మకం. అర్జెంట్ పిటిషన్లు కొట్టేసేది చట్టం తెలియకపోవడం వల్ల కాదు, తేదీలు రాయకపోవడం వల్లే. ఎవరైనా కాదంటే నేను ఒప్పుకోను.

ఆర్డర్ వచ్చింది కదా అని ఇంటికెళ్లి పడుకోకండి. నోటీసు లేకుండా ఇచ్చిన ఆర్డర్ కాబట్టి రూల్ 3 ప్రకారం దావా కాపీ, పిటిషన్, అఫిడవిట్, డాక్యుమెంట్లు అన్నీ అవతలివాళ్లకి వెంటనే ఇవ్వాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపానని అదే రోజో, మర్నాడో కోర్టులో ఇంకో అఫిడవిట్ వేయాలి. నాకీ సంగతి బెంచ్ క్లర్కు చెవిలో వేశాడు కాబట్టి సరిపోయింది, పోస్టాఫీసు మూసేలోపు పరిగెత్తాను. ఇది తప్పితే ఆర్డర్ ఎత్తేయించడానికి అవతలి లాయరుకి మనమే దారి చూపించినట్టు. అలాగే వాళ్లు ముందే కేవియట్ (మాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టులో వేసే అర్జీ) వేశారేమో చూసుకోండి. అది 90 రోజులు ఉంటుంది, ఉంటే వాళ్లకి చెప్పకుండా ఏమీ జరగదు.

అలాంటి పిటిషన్ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రూల్ 3ఎ ఉంది. నాది ఎన్ని నెలలు నడిచిందో అడక్కండి. జడ్జిగారు సెలవు, లాయర్ల బాయ్‌కాట్, అవతలివాళ్ల కౌంటర్‌కి (రాతపూర్వక జవాబుకి) టైమ్. మనం టీ తాగి వచ్చేలోపు మాత్రం పిలుపు అయిపోతుంది, అదేం విచిత్రమో.

ట్రయల్‌కి మాత్రం చివరికి లాయర్ని పెట్టుకున్నాను. పక్కింటాయన్ని నేనే క్రాస్ ఎగ్జామిన్ చేయబోతే మూడో ప్రశ్నకే ఇద్దరం అరుచుకోవడం మొదలుపెట్టాం, జడ్జిగారు వాయిదా వేసేశారు. ఆ గొయ్యి ఇంకా అలాగే ఉంది, వానొస్తే నీళ్లు నిలుస్తున్నాయి, మీద ఒక చెక్క వేసుకుని ఇంట్లోకి వెళ్తున్నాం.