యజమాని గొంతుతో మోసగాడు ఫోన్ చేస్తే?

వరంగల్‌లో మిర్చి వ్యాపారం చేసే మిత్రుడు అడిగాడు: “కృత్రిమ మేధతో జరిగే సైబర్ మోసాలను మాలాంటి చిన్న సంస్థలు ఎలా తట్టుకోవాలి?”

ఖరీదైన సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు డబ్బు చెల్లించే పద్ధతి మార్చండి. ఒకప్పుడు మోసపు ఈమెయిల్‌ను అక్షరదోషాలు పట్టించేవి. ఇప్పుడు అది చక్కని తెలుగులోనే వస్తుంది. చిన్న రికార్డింగ్ దొరికితే చాలు, గొంతునూ అనుకరిస్తారు. 2024లో వెలుగుచూసిన ఒక కేసులో, హాంకాంగ్‌లోని ఉద్యోగి వీడియో కాల్‌లో కనిపించిన తన సంస్థ అధికారుల నకిలీ రూపాలను నమ్మి సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు.

ఏనుమాముల మార్కెట్ రద్దీలో ఉన్న మీ గుమాస్తాకు “ఈ కొత్త ఖాతాకు వెంటనే పంపు” అని మీ గొంతే వినిపిస్తే ఆగుతాడా? ఆగాలి. వచ్చిన కాల్ పెట్టేసి, పాత పుస్తకంలోని నంబరుకు తానే ఫోన్ చేసి కనుక్కోవాలి. పెద్ద మొత్తాలకు ఇద్దరి ఆమోదం ఉండాలి. ఆలస్యమైందని మీరు కసురుకుంటే మాత్రం ఈ ఏర్పాటంతా వృథా. మోసగాళ్లకు కావలసింది ఆ భయమే.

ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ వంటి రెండో ఆధారం కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. లెక్కల నకలును కంప్యూటర్ నుంచి విడిగా తీసిపెట్టిన హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. డబ్బు పోతే పరువు గురించి ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే చెబితే బ్యాంకులు నిలిపివేసే అవకాశం ఉంటుంది.