శాంతి కపోతాన్ని పక్కన పెట్టు

తమ్ముడూ,

పాలస్తీనా శాంతి కార్యకర్త సుమయ్యా ఫర్హత్ నాసెర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ఆవిణ్ణి శాంతి కపోతం చేసేశావు. రెండో పేరా నిండా కన్నీళ్లు. మూడో పేరాకి వచ్చినా ఆవిడది ఏ ఊరో, ఏం పని చేసిందో నాకు తెలియలేదు. కోపం తెచ్చుకోకు, నీ భాష బాగుంది. మనిషే కనబడలేదు.

ముందు ఆవిణ్ణి ఆవిడ ఊళ్లో నిలబెట్టు. 1948లో, లక్షలాది పాలస్తీనీయులు ఇళ్లు వదిలిపోవాల్సి వచ్చిన ఏడాదే, తర్వాత ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లోని బిర్‌జైత్‌లో పుట్టింది. క్రైస్తవ కుటుంబం. జర్మనీలో వృక్షశాస్త్రం చదివి డాక్టరేట్ తెచ్చుకుంది. 1982 నుంచి 1997 దాకా బిర్‌జైత్ యూనివర్సిటీలో మొక్కల పాఠాలు చెప్పింది. మధ్యలో, 1988 నుంచి నాలుగేళ్లకు పైగా, ఇజ్రాయెల్ సైన్యం ఆ యూనివర్సిటీని మూయించింది. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు. తన క్లాసుకు తాళం వేసిన దేశపు ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడటమంటే ఏమిటో అది లేకుండా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఇక అసలు విషయం, జెరూసలేం లింక్, అంటే ఇజ్రాయెలీ, పాలస్తీనా మహిళలు కలిసి నడిపిన శాంతి ప్రయత్నం. "రెండు వర్గాల మహిళలు ఒకే గొడుగు కిందికి వచ్చారు" అని రాశావు. రాలేదయ్యా. 1989లో బ్రస్సెల్స్‌లో మొదలైన మాటలు 1994కి రెండు సంస్థలయ్యాయి. పశ్చిమ జెరూసలేంలో ఇజ్రాయెలీ మహిళల బాత్ షాలోమ్, తూర్పున పాలస్తీనా మహిళల జెరూసలేం సెంటర్ ఫర్ విమెన్. ఎవరి ఆఫీసు వాళ్లది, ఎవరి నిర్ణయాలు వాళ్లవి. ఉమ్మడిగా కొన్ని సూత్రాలు మాత్రం రాసుకున్నారు: ఆక్రమణ ముగియాలి, రెండు దేశాలు ఉండాలి, జెరూసలేం ఇద్దరికీ రాజధాని కావాలి. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ వేరు ఆఫీసులే. ఆక్రమణ కింద బతికేవాళ్లూ, ఆక్రమించిన దేశపు పౌరులూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నంత మాత్రాన సమానులైపోరు కదా.

పాలస్తీనా వైపు సంస్థను 1997 నుంచి 2001 దాకా సుమయ్యా నడిపింది. వెస్ట్ బ్యాంక్ వాళ్లు జెరూసలేంలోకి రావాలంటే ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ కావాలి. అంటే బిర్‌జైత్ మనిషి పని చేయాల్సిన ఊళ్లోకి పోవడానికే అవతలి వాళ్ల కాగితం ఉండాలి! దీని మీద ఒక పేరా పూర్తిగా రాయి. 2000లో రెండో ఇంతిఫాదా (ఆక్రమణ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు) మొదలయ్యాక పరిస్థితి మరీ బిగిసింది. ఇజ్రాయెలీలతో మాట్లాడటమంటే ఆక్రమణను ఒప్పుకోవడమేనని పాలస్తీనాలోనే తప్పుపట్టేవాళ్లున్నారు. వాళ్లను మూర్ఖుల్లా చూపించకు. వాళ్ల వాదన గట్టిదే, దాన్ని గట్టిగానే రాయి.

'సాధికారత' ప్రతి పేజీలో ఉంది, అందులో జరిగే పని ఎక్కడా లేదు. ఆడవాళ్లకూ బడి పిల్లలకూ ఆవిడ నేర్పింది గొడవలో హింస లేకుండా ఎలా మాట్లాడాలి, కోపాన్ని ఏం చేసుకోవాలి అన్నది. అదే రాయి. అవార్డులు ఒక్క వాక్యంలో తేల్చెయ్; మానవ హక్కుల కృషికిచ్చే 1995 బ్రూనో క్రైస్కీ బహుమతి చాలు.

చివర్లో "ఇద్దరూ బాధితులే" అన్నావు. కొట్టెయ్. ఆ సూత్రాలు రాసుకున్నవాళ్లు కూడా అలా అనలేదు, ఆక్రమణ ముగియాలనే మొదలుపెట్టారు.

తిరగరాసి పంపు. ఈసారి ఎర్ర పెన్ను కాస్త తక్కువ వాడతాను.

ఇట్లు,
మీ అక్క