బైపాస్‌కు ముందు ఇంట్లో ఆక్సిజన్ పెడితే గుండెకు రక్షణా?

గుంటూరులో తమ నాన్నగారికి బైపాస్ ఉందని, గుండెకు రక్షణగా కొవిడ్ నాటి కాన్సంట్రేటర్‌తో (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మెషిన్) రోజూ గంట ఆక్సిజన్ పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి.

ఆ మాట పుట్టింది ఎలుకల ప్రయోగాల్లో. గుండెకు రక్తం ఆపేముందు ఎలుకలను కాసేపు 95 శాతం పైబడిన ఆక్సిజన్‌లో ఉంచితే గుండె కండరం తక్కువ దెబ్బతింది. ఎక్కువ ఆక్సిజన్ వల్ల పుట్టే కొద్దిపాటి ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు), టీకాలాగా, కణాల్లోని రక్షక ఎంజైములను ముందే మేల్కొలుపుతాయి. ఇంటి మెషిన్‌తోనైతే, ముక్కు గొట్టంతో నిమిషానికి 5 లీటర్లు పెట్టినా, బయటి గాలి కలిసి లోపలికెళ్లేది సుమారు 40 శాతమే!

మనుషుల సంగతి వేరు. గుండెపోటు అనుమానమున్న 6,629 మందితో స్వీడన్‌లో చేసిన, 2017లో వెలువడిన అధ్యయనంలో, ఆక్సిమీటర్ 90, ఆపైన చూపినవాళ్లకు ఆక్సిజన్ పెట్టినా ఏడాదిలో మరణాలు తగ్గలేదు. పైగా అధిక ఆక్సిజన్ గుండె రక్తనాళాలను కుదిస్తుంది. రీడింగ్ 90 లోపుకి వస్తే మాత్రం మెషిన్ ముందు కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.