ఈస్టర్ ఆరాధనలో ఆర్గాన్‌తో ట్రంపెట్: పికలో కొనాలా?

ఈస్టర్ ఉదయం ఆర్గాన్‌తో కలిసి ఏదైనా బరోక్ (17–18 శతాబ్దాల యూరప్) సంగీతం వాయించమన్నారు, మీ దగ్గరున్నది మామూలు బి-ఫ్లాట్ ట్రంపెట్, పికలో (ఒక స్థాయి పైన పలికే చిన్న ట్రంపెట్) కొనాలా అని కదా మీ ప్రశ్న? దీనికోసమైతే కొనకండి. గుంటూరులో పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర బి-ఫ్లాట్ మీదే నేర్చుకున్నాను. ఇంగ్లండు వచ్చాక మా ఊరి పారిష్ చర్చిలో పండుగలకు వాయించేదీ దాంతోనే. చిక్కంతా శ్రుతితోనే.

ఆర్గాన్ మీ కోసం దిగిరాదు, మీరే దానికి కలవాలి. అదీ నిలకడగా ఉండదు. గాలి వేడెక్కితే ఆర్గాన్‌లోని ఫ్లూ గొట్టాల (ఈలలా పలికేవి) శ్రుతి ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది (అర్ధస్వరం అంటే 100 సెంట్లు). శనివారం చలిలో రిహార్సల్ చేశారు, ఆదివారం హీటింగ్ వేశారు, జనం నిండారు, ఆరేడు డిగ్రీలు పెరిగింది అనుకోండి, దాదాపు 20 సెంట్ల తేడా వస్తుంది. శనివారం ట్యూనింగ్ స్లయిడ్ (ట్రంపెట్ శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) మీద పెట్టుకున్న గుర్తు ఇక చెల్లదు. పైగా రీడ్ గొట్టాలు (లోహపు నాలుక అదిరి పలికేవి) అంతగా కదలవు కాబట్టి ఆర్గాన్‌కు తనలో తనకే పొసగదు. అందుకే ఆర్గనిస్టుగారిని ముందే అడుగుతాను, నాతో వాయించేటప్పుడు రీడ్ స్టాపులు (స్టాప్ అంటే ఒకే రకం గొట్టాల వరుస) వద్దు, ప్రిన్సిపల్స్ అనే మామూలు ఫ్లూ వరుసలు చాలని. ఆర్గాన్‌లో ట్రంపెట్ అనే రీడ్ స్టాప్ వాడితే మీ స్వరం అందులో కలిసిపోతుంది కూడా.

ప్రసంగం అయిన వెంటనే వాయించాల్సి వస్తే మరీ జాగ్రత్త. అంతసేపు ఊరికే ఉన్న ట్రంపెట్ చల్లబడి శ్రుతి దిగిపోతుంది. అయ్యగారు ముగింపుకొస్తున్నారనిపించగానే చప్పుడు కాకుండా లోపలికి వెచ్చటి గాలి ఊదుతూ ఉండండి.

నిలబడే చోటు కూడా మీరే అడిగి ఖాయం చేసుకోండి. ఫొటోల కోసం ముందున్న ఆరాధన బల్ల దగ్గర నిలబెడతామంటారు, ఒప్పుకోకండి. ఆర్గాన్ వెనక గ్యాలరీలో, మీరు 30 మీటర్ల దూరంలో ఉంటే దాని ధ్వని మీ చెవికి చేరేసరికే సెకనులో సుమారు పదకొండో వంతు గడుస్తుంది. విని వాయిస్తే ప్రతిదీ ఆలస్యమే. పైకెక్కి ఆర్గాన్ పక్కనే నిలబడండి.

ఇక ఏం వాయించాలి? జెరెమయా క్లార్క్ ‘ప్రిన్స్ ఆఫ్ డెన్మార్క్స్ మార్చ్’. చాలాకాలం మరో ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ పేరు మీద చెలామణి అయింది, 1981లో చార్లెస్, డయానాల పెళ్ళిలోనూ వాయించారు. బి-ఫ్లాట్ ట్రంపెట్ రాసినదానికంటే ఒక స్వరం కింద పలుకుతుంది కాబట్టి ఆర్గాన్ డి మేజర్‌లో ఉంటే మీకు ఇ మేజర్, నాలుగు షార్పులు. ఒక స్వరం కిందికి దించిన ప్రతులు దొరుకుతాయి. జాన్ స్టాన్లీ వాలంటరీలు (చర్చి ఆరాధనలో వాయించే ఆర్గాన్ రచనలు) నిజానికి ఆర్గాన్ ఒక్కదానికే రాసినవి, ట్రంపెట్ స్టాప్ వంతు మనం తీసుకోవడం తర్వాతి అలవాటు. నాకు నచ్చేది 1678లో అచ్చయిన, ఇటాలియన్ స్వరకర్త వివియానీ ట్రంపెట్ సొనాటాలు. అవి కవాటాల్లేని ట్రంపెట్‌కు రాసినవి.

మొదటిసారికి మాత్రం క్లార్కే మేలు. అది రాండో, మొదటి పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. కానుకలు పట్టడం తొందరగా అయిపోతే ఏ పల్లవి దగ్గరైనా ఆపేయొచ్చు. ఆ సైగ ఎవరు చేస్తారో ఆర్గనిస్టుగారితో శనివారమే మాట్లాడుకోండి.