డార్క్ బ్రదర్‌హుడ్‌లో అసలు పెద్ద ఎవరు: లిజనరా, శాంక్చురీ నడిపే మనిషా?

మీరు అడిగింది ఇదీ: స్కైరిమ్ అనే వీడియో గేమ్ కథ మీద, అందులోని డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠాతో మీ చిత్తూరు గ్రూపు రోల్‌ప్లే ఆడుతోంది. శాంక్చురీ, అంటే ముఠా స్థావరం, నాయకురాలి పాత్ర మీది, లిజనర్ పాత్ర మీ ఫ్రెండ్‌ది. ముఠా తల్లిగా కొలిచే నైట్ మదర్ ఆత్మ తనతోనే మాట్లాడుతుంది కాబట్టి మీతో సహా అందరూ తన మాట వినాల్సిందేనని ఆయన పట్టుబడుతున్నాడు. లోర్, అంటే గేమ్ ప్రపంచపు కథాచరిత్ర, ప్రకారం అది నిజమేనా?

సగం నిజం. తిరుపతిలో మేం ఆదివారం సాయంత్రాలు ఇదే లోర్‌తో ఆడుకుంటాం, గేమ్ నడిపేది నేనే. ఈ గొడవ మా దగ్గరా వచ్చింది కాబట్టి వివరంగా చెప్తాను.

పాత పద్ధతిలో వరస ఇలా ఉంటుంది. అందరికీ పైన నైట్ మదర్. ఆమె కింద బ్లాక్ హ్యాండ్, అంటే ఒక లిజనర్, నలుగురు స్పీకర్లు. ఒక్కో స్పీకర్‌కు సొంత హంతకుడిగా ఒక సైలెన్సర్. కాగితం మీద చూస్తే మీ ఫ్రెండ్ వాదన కరెక్టే. కానీ ఇదే సిరీస్‌లో 2006లో వచ్చిన ఆబ్లివియన్ చివర్లో ఆటగాడు లిజనర్ అయ్యాక చేసే పనేంటో చూడండి. బ్రావిల్ ఊళ్లో విగ్రహం దగ్గరికి వెళ్లి నైట్ మదర్ చెప్పే పేర్లు వినడం, వాటిని తెచ్చి స్పీకర్ ఆర్క్వెన్‌కు అప్పజెప్పడం. ఆ తర్వాత సంగతంతా ఆమె చూసుకుంటుంది. అంత పెద్ద పదవిలో ఉన్నా రోజువారీ పెత్తనం లిజనర్ చేతిలో లేదు.

2011 నాటి స్కైరిమ్‌కు వచ్చేసరికి పరిస్థితి ఇంకా మారిపోయింది. చివరి లిజనర్ అలిజాన్ డుప్రే బ్రావిల్‌లో చనిపోయాక ఆ స్థానం ఖాళీగానే ఉంది, బ్లాక్ హ్యాండ్ కూడా లేదు. ఫాల్క్‌రీత్ శాంక్చురీ నాయకురాలు ఆస్ట్రిడ్ ముఠా ఐదు నియమాలనూ పక్కన పెట్టేసి, తన మనుషుల్ని ఒక కుటుంబంలా నడుపుకుంటోంది. కాబట్టి మీ ఫ్రెండ్ 'పైవాళ్ల ఆజ్ఞ మీరకూడదు' అనే మూడో నియమం ఎత్తితే, ఆ ఇంట్లో ఆ నియమం అమల్లోనే లేదని మీరు ధైర్యంగా చెప్పొచ్చు.

నైట్ మదర్ శవాన్ని కాపాడే కీపర్ సిసిరో ఆమె శవపేటికను తీసుకొచ్చిన సీన్ ఇంకోసారి చూడండి. ఆస్ట్రిడ్ అతన్ని గౌరవంగానే పలకరిస్తుంది, కీపర్‌కు దక్కాల్సిన మర్యాద దక్కుతుందంటుంది. అదే ఊపులో ఈ శాంక్చురీకి నాయకురాలిని నేనే, ఇక్కడ నా మాటే చెల్లుతుందని తేల్చి చెబుతుంది. ముఠాలోని ముసలి ఫెస్టస్ పాత సంప్రదాయం తిరిగొచ్చిందని సంతోషిస్తాడు. ఆమె భర్త ఆర్న్‌బ్యోర్న్‌కు ఆ వ్యవహారమే నచ్చదు. ఒకే గదిలో, ఒకే పేటిక చుట్టూ, తలా ఒక రకం. తర్వాత ఆటగాడు పేటికలో దాక్కుని నైట్ మదర్ గొంతు విన్నాక కూడా ఆస్ట్రిడ్ వెంటనే తలొంచదు. ఆలోచించుకోవాలి, ఈలోపు ముఠాలోని నజీర్ దగ్గర వేరే పనులు చూసుకో అని పంపేస్తుంది. హత్య చేయించాలని కోరిన అమాండ్ మోటియేర్‌ను కలవమన్నది నైట్ మదరే అయినా, ఎప్పుడు బయల్దేరాలో చెప్పింది ఆస్ట్రిడ్.

మన తిరుపతి గంగమ్మ జాతరలో దొర వేషం కథ మీకు తెలిసే ఉంటుంది. అమ్మకు భయపడి దాక్కున్న పాలెగాడు అమ్మ వేసిన బైరాగి వేషానికి రాలేదు, బండ వేషానికి రాలేదు, తోటి వేషానికీ రాలేదు. దొర వచ్చాడనుకుని బయటికొచ్చి అమ్మ చేతిలో చచ్చాడు. దొర ముందు హాజరు కావాలన్న భయభక్తులు పాలెగాడిలో ఉండబట్టే ఆ వేషం పనిచేసింది. లిజనర్ అధికారాన్నీ నేను అలాగే చూస్తాను. నమ్మిన సిసిరోకు అతనే సర్వస్వం. నమ్మనివాళ్లకు అతను నిన్న మొన్న చేరిన కుర్రాడు. అందుకే మీ గ్రూపులో ప్రతి ఒక్కరూ తమ పాత్ర నైట్ మదర్‌ను ఎంతవరకు నమ్ముతుందో ముందే అనుకోవాలి. అది తేలకుండా ఎవరు పెద్ద అని వాదిస్తే తెల్లవార్లూ వాదిస్తూనే ఉంటారు.

మా ఆటలో నైట్ మదర్ మాటను చీటీ మీద రాసి లిజనర్‌కు మాత్రమే ఇస్తాను. ఒక పేరు, ఒక ఊరు, అంతే. చదివి అక్కడికక్కడే చించేయాలి. ఎవరు వెళ్లాలి, డబ్బెంత, ఎప్పుడు అనేది నాయకురాలు చెప్పాలి. ఒకసారి మా లిజనర్ పేరు చెప్పి ఊరు దాచిపెట్టాడు. నాయకురాలిగా ఆడే అక్క అతన్ని బతిమాలలేదు, కోప్పడలేదు. 'సరే, దారి నీకే తెలుసుగా, ముందు నువ్వే నడు' అని అతన్నే ఆ పనికి పంపింది. టేబుల్ చుట్టూ ఒక్కసారిగా టెన్షన్. ఇద్దరిలో ఎవరూ లోర్ దాటలేదు, ఇద్దరికీ బలం ఉంది.

ఒక్క జాగ్రత్త. ఆస్ట్రిడ్ లాంటి పాత్రను విలన్‌గా ఆడకండి. ఆమె చక్రవర్తి భద్రత చూసే మారోతో చేతులు కలిపింది తను కట్టుకున్న ఇల్లు చేజారిపోతుందన్న భయంతో. చివరికి కాలిన ఒంటితో, హత్య కోరుతూ నైట్ మదర్‌ను పిలిచే బ్లాక్ సాక్రమెంట్ తంతుకు తననే బొమ్మగా చేసుకుని పడుకున్నప్పుడు ఆమె చెప్పేదీ అదే. ఆ భయాన్ని మొదటి రోజు నుంచీ కొంచెం కొంచెంగా చూపించండి, ద్రోహం దాకా వెళ్లాల్సిన పనే ఉండకపోవచ్చు.

మీ కథ ఏ కాలంలో జరుగుతోందో కూడా గేమ్ నడిపేవాళ్లను అడగండి. ఆబ్లివియన్ కాలమైతే బ్లాక్ హ్యాండ్ ఉంటుంది, మీరు స్పీకర్ అవుతారు, లిజనర్ మాటను తోసిపుచ్చడం కష్టం. స్కైరిమ్ కాలమైతే వచ్చే ఆటలో ఆయన ఆజ్ఞ వేసినప్పుడు కాదనకండి. 'విన్నాను, ఎవరు వెళ్లాలో రేపు చెబుతా' అని మీ పాత్ర చేత అనిపించండి.