సెలవుల డబ్బు మీద పన్ను: బావగారికి లేనిది నాకెందుకు?

ప్రశ్న: ప్రైవేటు కంపెనీలో 27 ఏళ్లు పనిచేసి 2025 జూన్ నెలాఖరున రిటైరయ్యాను. వాడుకోని 300 రోజుల సెలవులకు 9 లక్షలు ఇచ్చారు. అందులో సగం, అంటే 4.5 లక్షలు, ఫారం 16లో పన్ను పడే ఆదాయంగా చూపించి టీడీఎస్ కోశారు. అదే నెలలో జడ్పీ హైస్కూలు హెచ్ఎంగా రిటైరైన మా బావగారికీ 300 రోజులే. ఆయనకు పైసా పన్ను లేదట. ఇది సమానత్వ హక్కుకు విరుద్ధం కాదా? కోర్టుకు వెళ్లవచ్చా? - ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. కానీ కోర్టు ఖర్చు పెట్టుకోకండి. ప్రభుత్వ ఉద్యోగికి పూర్తి మినహాయింపు, మిగతావారికి పరిమితి అన్న ఈ తేడాను ఇదివరకే ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. ప్రభుత్వ ఉద్యోగులది వేరే వర్గమని, దీన్ని వివక్ష అనలేమని 2019లో ఆ కోర్టు చెప్పింది. పన్నుల విషయంలో రాజ్యాంగం 14వ అధికరణం (సమానత్వ హక్కు) కింద ప్రభుత్వానికి కోర్టులు కాస్త ఎక్కువ వెసులుబాటే ఇస్తాయి.

అసలు తిరకాసు మరోచోట ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(10ఏఏ) ప్రకారం మీలాంటివారికి నాలుగు లెక్కలు వేసి, అన్నిటికన్నా తక్కువైనదానికే మినహాయింపు ఇస్తారు: చేతికొచ్చిన మొత్తం, సగటు నెల జీతం చొప్పున పది నెలల మొత్తం, మిగిలిన సెలవుల విలువ, 25 లక్షలు. ఆ పది నెలలంటే 300 రోజులే కదా, మీ బావగారికి సర్వీసు రూల్స్ ఇచ్చేదీ అంతే. (ఆయన డబ్బు ఎప్పటికి చేతికందుతుందన్నది వేరే కథ.) పాత 3 లక్షల పరిమితి పెట్టిన 2002లో ప్రభుత్వంలో అత్యధిక మూలవేతనం నెలకు 30 వేలు. ఇప్పుడది రెండున్నర లక్షలు, అందుకే 2023లో పరిమితి 25 లక్షలైంది. రెండుసార్లూ పరిమితి ఆ మూలవేతనానికి పదింతలే.

మరి మీకెందుకు కోత పడింది? ఇక్కడ 'జీతం' అంటే ముఖ్యంగా బేసిక్, డీఏ. మిగతా అలవెన్సులు లెక్కలోకి రావు. మీ లెక్క చూస్తే కంపెనీ నెలకు 90 వేల గ్రాస్ (అలవెన్సులన్నీ కలిపిన జీతం) మీద సెలవుల డబ్బు కట్టినట్టుంది. బేసిక్ 45 వేలే అయితే పది నెలలకు 4.5 లక్షలు, మినహాయింపు అక్కడే ఆగిపోతుంది. బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు పెంచే కంపెనీల అలవాటు మొదట పీఎఫ్‌లో దెబ్బకొడుతుంది, చివర్లో ఇలా మళ్లీ కొడుతుంది. నన్నడిగితే సరిచేయాల్సిన అన్యాయం ఇదే. అయినా పే స్లిప్పులు తీసి బేసిక్, డీఏ ఒకసారి సరిచూసుకోండి. కంపెనీ తప్పు లెక్క వేసి ఉంటే, మినహాయింపును రిటర్న్‌లో మీరే సరిచేసి క్లెయిమ్ చేయొచ్చు.

ఇక డబ్బు సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీతం 2.7 లక్షలు, దానికి ఈ 4.5 లక్షలు కలిపితే 7.2 లక్షలు. వడ్డీల వంటి మామూలు ఆదాయం కలిపినా, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షలు దాటకపోతే, కొత్త పన్ను విధానంలో సెక్షన్ 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) 2025-26 ఆర్థిక సంవత్సరానికి మీ పన్ను సున్నా. సెలవుల మినహాయింపు కొత్త విధానంలోనూ ఉంది. కోసిన టీడీఎస్ ఫారం 26ఏఎస్‌లో (మీ పేరిట జమైన పన్నుల పట్టికలో) కనిపిస్తుందో లేదో చూసి, గడువులోగా రిటర్న్ వేయండి. రిఫండు మీ ఖాతాలో పడుతుంది.