ముందు జీతం చీటీ తీయండి

ప్రశ్న (2025 ఫిబ్రవరి): బాలానగర్‌లో ముప్పై మంది పనిచేసే కార్ఖానాలో పదకొండేళ్లుగా పవర్ ప్రెస్ ఆపరేటర్‌ని. జీతం 17,500. 2023 జూన్‌లో, నాకు 35 ఏళ్లు నిండాక, ప్రెస్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. పని ఆలస్యమవుతోందని సూపర్‌వైజరే ప్రెస్‌కుండే రక్షణ కవచం (గార్డు) తీయించారు. ఆసుపత్రిలో మాత్రం ‘ఇంట్లో దెబ్బ తగిలింది’ అని రాయించారు. ఇప్పుడు తప్పు నాదేనంటూ, లక్ష ఇస్తాను, స్టాంపు కాగితం మీద సంతకం చెయ్యమంటున్నారు యజమాని. నమ్మకంగా పనిచేసినందుకు ఇదా ఫలితం?

జవాబు: నమ్మకం గురించి చాలా రాశారు. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత ఉందో లేదో ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే. మీ జీతం 21 వేల లోపే, మనుషులు పదిమందికి పైనే, కాబట్టి ఈఎస్ఐ ఉండి తీరాలి. చీటీలో 0.75 శాతం, అంటే 131 రూపాయల చిల్లర, తగ్గిందేమో చూడండి.

తగ్గి ఉంటే ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ ప్రకారం యజమాని మీద పరిహారం దావా నడవదు. దాని బదులు శాశ్వత వైకల్య భృతి వస్తుంది. ఒకే చేతి రెండు వేళ్లు పోతే సంపాదన నష్టం 20 శాతమని చట్టంలోనే ఉంది. మీ జీతం మీద అది నెలకు సుమారు మూడు వేలు, ఉద్యోగంలో ఉన్నా సరే, జీవితాంతం. గార్డు తగువు ఇక్కడ అంతగా అడ్డురాదు.

ఈఎస్ఐ మీకు వర్తించదని తేలితే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద కార్మికశాఖ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. మీ జీతం ఎంతైనా అక్కడ లెక్కించేది నెలకు 15,000 వరకే. అందులో 60 శాతాన్ని మీ వయసుకు చట్టం చెప్పిన 197.06 గుణకంతో హెచ్చించి, అందులో 20 శాతం: సుమారు 3.55 లక్షలు, ఆపై వడ్డీ. గార్డు మీరే కావాలని తీశారని రుజువు చేయాల్సింది యజమాని. గడువు రెండేళ్లే. ఇరవై నెలలు ఊరుకున్నారు, ఇక మిగిలింది నాలుగు నెలలు!

పరిహారం వదులుకునే ఒప్పందం చెల్లదు కదా, లక్ష పుచ్చుకుని తర్వాత కేసు వేద్దామని మాత్రం అనుకోకండి. ఒప్పందం చెల్లకపోయినా, ‘డ్యూటీలో లేనప్పుడు తగిలింది’ అనే వాక్యం అందులో ఉంటే అది మీరే సంతకం చేసిన సాక్ష్యం. ఆసుపత్రి కాగితంతో కలిస్తే ఏ చట్టమూ మిమ్మల్ని కాపాడలేదు. అసలు ఆ రోజు అలా రాస్తుంటే ఎందుకు నోరు మెదపలేదు?

ఆ ఆసుపత్రి రాతకు విరుగుడు ఆనాటి హాజరు పట్టీ, పక్క మెషీన్ల మీద ఉన్న ఇద్దరి వాంగ్మూలాలు, కేస్ షీటు నకలు. ప్రమాదం గురించి యజమాని నోటీసు ఇచ్చారా అని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌ను సమాచార హక్కు కింద అడగండి. ఈఎస్ఐ బ్రాంచి మేనేజరుకు జరిగింది జరిగినట్టు రాసి, వైకల్యం తేల్చేందుకు మెడికల్ బోర్డుకు పంపమని కోరండి. రిజిస్టర్డ్ పోస్టులోనే పంపండి, రసీదు పారేయకండి.